వేడినీళ్ళ వంతు

రెండు తొట్లట! గిన్నెలకొకటీ, ఒంటిగుడ్డలకొకటీ.

లోర్నా బంగాళాదుంప తొక్క తీస్తూ తీస్తూ ఆగిపోయింది. వంటింటి బల్ల దగ్గర ముగ్గురు మగాళ్ళు తలలు దగ్గర పెట్టుకుని, పెళ్ళి సంబంధం ఖాయం చేస్తున్నంత శ్రద్ధగా మాట్లాడుకుంటున్నారు. మొగుడు గ్రాంట్, మరిది కెల్విన్, పక్కూరు రాన్‌ఫర్లీ నించి వచ్చిన పైపుల పనివాడు డెస్. మాటలు మాత్రం ఉన్నికోతవాళ్ళ బస గురించి. గొర్రెల దొడ్డి పక్కన రేకుల కప్పుతో ఉన్న పాత కొట్టం అది. ఏడాదికోసారి ఉన్ని కత్తిరించే ముఠా వచ్చి, పని అయ్యేదాకా అందులో పడుకుని పోయేది. ఇప్పుడు వాళ్ళు ఊళ్ళోనే దిగుతున్నారు. నలభై దాటాక పెళ్ళి చేసుకున్న కెల్విన్, పెళ్ళాన్ని తెచ్చి అందులో కాపురం పెడతాడట.

"రిపెకా అడిగింది ఒక్కటే," అన్నాడు కెల్విన్. పెళ్ళాం పేరెత్తినప్పుడల్లా వాడి చెవులు ఎర్రబడతాయి. "గిన్నెలు కడిగే తొట్లో బట్టలు తడపకూడదు. వాళ్ళ తెగలో అది పడదు. గిన్నెల తువ్వాలు లోబట్టల నీళ్ళలో పడిందా, ఇంక దాంతో పళ్ళెం తుడవరు. పారేస్తారు."

"దానికేం, రెండు తొట్లు పెట్టెయ్ డెస్," అన్నాడు గ్రాంట్. "రెండింటికీ వేడినీళ్ళు."

రెండింటికీ వేడినీళ్ళు! లోర్నా కత్తి దుంపలోకి సగందాకా దిగింది.

మీరే చెప్పండి, మండదా మనిషికి? ఈ ఇంట్లో వేడినీళ్ళంటే బొగ్గుపొయ్యి. పొయ్యి వెనక నీళ్ళపెట్టె, అందులోంచి పైపు, గోడ బీరువాలో పాత రాగి ట్యాంకు. పొయ్యి ఎంత కాలితే నీళ్ళు అంత కాగుతాయి. కాగినవాటికి వంతులున్నాయి. మొదట అత్తగారు మేవిస్. తర్వాత దొడ్డి నించి వచ్చిన గ్రాంట్. తర్వాత కెల్విన్. తర్వాత గిన్నెలు. అన్నీ అయ్యాక మిగిలినవి లోర్నావి. భూగోళానికి దక్షిణపు కొసన ఉన్న ఈ మానియొటోటోలో జూన్ అంటే నడి చలికాలం, బయట బకెట్లో నీళ్ళు రాయైపోతాయి. అలాంటప్పుడు మిగిలినవంటే ఏముంటాయి, చెయ్యి పెడితే వేడివో చల్లవో తేల్చుకోలేని నీళ్ళు. తెల్లారకుండా లేచి బూడిద తీసేదీ తనే, బొగ్గు మోసేదీ తనే, రాజేసేదీ తనే.

పోనీ నోరు తెరిచి అడగలేదా అంటే, అడిగింది. "ఇవాళ నీళ్ళు చల్లగా వచ్చాయి," అనేది. "అవునా," అనేవాడు గ్రాంట్. అక్కడికది సరి.

డెస్ చెవిమీది పెన్సిలు తీసి బల్ల మీద టకటకలాడించాడు. "మూడు దార్లున్నాయి. మొదటిది కరెంటు. గోడకి వేడిగాలి మిషను, మూలకి కరెంటు ట్యాంకు. బొత్తాం నొక్కి కూచోవడమే. రెండోది గ్యాసు. బయటి గోడకి కాలిఫాంటు బిగిస్తా. కుళాయి తిప్పగానే తనే మండుకుని అప్పటికప్పుడు కాచి పోస్తుంది. ఎంతమంది పోసుకున్నా నీళ్ళు అయిపోవడమనేది ఉండదు. మూడోది కట్టెలపొయ్యి, వెనక నీళ్ళపెట్టె. మీ ఇంట్లో ఉన్నలాంటిదే."

అయిపోవడమనేది ఉండదు. ఆ మాట లోర్నా చెవిలోకి దూరి అక్కడే కూర్చుంది.

"ఉత్తరాన సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి," అన్నాడు కెల్విన్. "ఈ చలి ఎప్పుడూ ఎరగదు. మొదటి శీతాకాలానికే పెట్టె సర్దుకుని పోతుందేమోనని నా భయం."

"ఎక్కడికీ పోదు. కరెంటుదే పెట్టిద్దాం. గోడ పలకల మధ్య నేను ఉన్ని దట్టిస్తా. సుఖంగా ఉంటుంది పిల్ల," అన్నాడు గ్రాంట్.

సుఖంగా! ఈయనకి ఆ మాట తెలుసని లోర్నాకి ఇవాళే తెలిసింది. బట్టలుతికే గది తలుపు బందు ఊడి ఎన్ని శీతాకాలాలైంది? ఆ తలుపుని ఇప్పటికీ ఇటుక అడ్డం పెట్టి మూస్తోంది తను.

కెల్విన్ కుర్చీలో వెనక్కి తిరిగాడు. "వదినా, నువ్వు చెప్పు. పొయ్యిల సంగతి ఈ ఇంట్లో నీకంటే ఎవరికి తెలుసు?"

అడిగారు. ఇన్నాళ్ళకి తననొకళ్ళు అడిగారు. అదీ ఇంకొకత్తె కొట్టం గురించి.

లోర్నా చేతులు తుడుచుకుంది. తాపీగా, ఒక్కో వేలూ తుడుచుకుంది.

"కాలిఫాంటు బయటి గోడకి బిగిస్తే ఈ మంచుకి బతుకుతుందా? ఒక్క రాత్రి గడ్డకట్టిందంటే పైపులు పగిలి కూచుంటాయి. అవునా డెస్?"

"అవుననుకో," అన్నాడు డెస్.

"కరెంటు మిషనంటారా, దాని బయటి పెట్టె నిండా మంచు పేరుకుంటుంది. గాలికి తీగెలు తెగి కరెంటు పోయిన రోజున దానికంటే దిష్టిబొమ్మ నయం. మన దగ్గర కట్టెలకి కరువా? దొడ్డి వెనక పడ్డ చెట్లు పడ్డట్టే ఉన్నాయి. పొయ్యి పెట్టించండి. ఇల్లూ వెచ్చన, నీళ్ళూ వెచ్చన."

ఒక్క ముక్కైనా అబద్ధం లేదు. అందుకే అంత హాయిగా చెప్పగలిగింది.

"తెల్లారే లేచి రాజెయ్యాలి మరి," కెల్విన్ నసిగాడు. "బూడిదెత్తాలి, కట్టెలు మొయ్యాలి. పాపం తనకి..."

"అలవాటవుతుందిలే," అంది లోర్నా.

పొయ్యి పక్క కుర్చీలో అల్లుకుంటున్న మేవిస్ చేతిలో సూదులు ఆగాయి. ముసలావిడ కళ్ళద్దాల మీంచి కోడలి వంక ఒకసారి చూసి, మళ్ళీ అల్లికలో పడింది.

"అయితే పొయ్యే," అన్నాడు గ్రాంట్. "లోర్నా చెప్పిందంటే తిరుగులేదు." డెస్ తలూపి పెన్సిలు మళ్ళీ చెవిమీదికి ఎక్కించాడు.

లోర్నా దుంపల వైపు తిరిగింది. లోపలెక్కడో తియ్యగా ఉంది. గోళ్ళనిండా మసి, జుట్టునిండా పొగ, తెల్లవారుజామున వణుకుతూ బూడిద బకెట్టు మోస్తున్న ఒక ఆడమనిషి కళ్ళకి కట్టింది. పెళ్ళి ఉత్తరాన గిస్‌బోర్న్‌లో అయింది, గొర్రెల్ని వదిలి ఇక్కణ్ణించి ఎవరూ వెళ్ళలేదు. అందుకని ఆ మనిషికి ఇంకా మొహం లేదు.

పనులు మొదలయ్యాయి. గ్రాంట్ పొద్దున్న గొర్రెలకి మేత వేసి వచ్చీ రాగానే బసలో దూరేవాడు. ఎండిపోయిన పాత పలకలు ఊడదీశాడు. వాటి వెనక ఎలకలు కట్టుకున్న గూళ్ళు తవ్వి పోశాడు. శుభ్రం చేసిన ఉన్ని బస్తాలకి బస్తాలు తెచ్చి, పిడికిలితో గుద్ది గుద్ది గోడల్లోకి దట్టించాడు. పైగా ఈల. ఆయన ఈల వేస్తాడని లోర్నా మర్చిపోయి చాలా కాలమైంది. టీ ఫ్లాస్కూ, మాంసం పెట్టిన రొట్టెలూ పట్టుకెళ్ళిన ప్రతిసారీ గుమ్మంలో నిలబడి ఆ ఈల పూర్తిగా వినేది, దెబ్బ తగిలినచోట వేలుపెట్టి నొక్కుకున్నట్టు.

"బట్టల గది తలుపు బందు..." అంది ఒకసారి.

"ఆఁ, చూద్దాం. ఈ సుత్తి అందుకో," అన్నాడు గ్రాంట్.

డెస్ పొయ్యిని తెచ్చి ఇటుకల అరుగు మీద కూర్చోబెట్టాడు. నల్లగా, బరువుగా, ముందు గాజు తలుపుతో నిగనిగలాడుతోంది. ఇంకా పొగగొట్టం లేదు. కప్పుకి చిల్లి పెట్టాలి. ముందు నీళ్ళ పైపులు బిగిస్తున్నాడు. మట్టం బద్ద పెట్టి వాలు చూడ్డం, ఊడదియ్యడం, మళ్ళీ బిగించడం.

"ఎందుకంత యాతన?" అంది లోర్నా.

"పంపు లేదుగా. వేడెక్కిన నీళ్ళు వాటంతటవే పైకెక్కాలి. పొయ్యి నించి ట్యాంకుదాకా పైపు ఎత్తుకే పోవాలి. మధ్యలో ఎక్కడైనా కిందికి వంగిందా, నీళ్ళు అక్కడే అలిగి కూచుంటాయి. మీ ఇంట్లో పైపు వంగే ఉంటుంది, ఎప్పుడూ చూడలేదు గానీ. నీళ్ళు సరిగ్గా కాగవు కదూ?"

"ఇన్నాళ్ళూ ఎవరడిగారు?" అని విసురుగా అనేసి బయటికొచ్చేసింది లోర్నా. ఆ మాట డెస్‌కి అర్థం కాలేదు.

రిపెకా మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. మట్టి కొట్టుకున్న వ్యాను, దాని నెత్తిన పరుపు, వెనక వంట డేగిశాలు. దిగినప్పుడు మాత్రం చేతిలో ఒకటే ఉంది, తువ్వాల్లో చుట్టిన గాజుసీసా. అందులో బంగాళాదుంపల పులుపు నురగ కడుతోంది. "రొట్టె పొంగడానికి," అంది, చంటిపిల్లని దించినట్టు దాన్ని గట్టు మీద దించుతూ. "దారంతా ఒళ్ళోనే పెట్టుకొచ్చా. చల్లబడితే చచ్చిపోతుంది."

వెడల్పాటి భుజాలు, నడినెత్తిన ముడి, గట్టిగా నవ్వే నోరు. మేవిస్ దగ్గరికెళ్ళి, తమవాళ్ళ పలకరింపు పద్ధతిలో, నుదురుకి నుదురూ ముక్కుకి ముక్కూ ఆనించింది. ముసలావిడ నవ్వింది. గ్రాంట్ టోపీ తీసి మరీ వంగాడు. లోర్నా వంతు వచ్చినప్పుడు ఆమె మెడ కర్రలా బిగుసుకుపోయింది. రిపెకా ఊపిరి వెచ్చగా తగిలింది. తర్వాత ఆమె లోర్నా రెండు చేతులూ పట్టుకుంది.

ఆ చేతులు మెత్తగా ఉన్నాయి.

లోర్నా తట్టుకోలేకపోయింది. ఈ మనిషి పదహారో ఏట నించీ ఉన్ని కొట్టాల్లో పని చేసిందన్నారు. కత్తిరించిన ఉన్నిని బల్ల మీదికి విసిరి పరవడం, మురికి ముక్కలు లాగెయ్యడం, రోజంతా అదే. ఉన్నిలో ఉండే జిడ్డు చేతులకి పట్టి పట్టి వెన్నలా అయిపోయాయి. తన చేతులో? బొగ్గూ బూడిదా తిని తిని వేళ్ళ కణుపుల దగ్గర బీటలు. చలికాలం మొత్తం మానవు. తనూ పన్జేసింది, ఆవిడా పన్జేసింది. ఆవిడ పని ఆవిడ చేతులకి వెన్న రాసింది.

"అక్కా, నీ చేతులు మంచుముక్కల్లా ఉన్నాయే!" అంది రిపెకా.

"ఇక్కడందరికీ అంతే," అని చేతులు లాక్కుంది లోర్నా.

బస చూడ్డానికి అందరూ వెళ్ళారు. లోర్నా అందరికంటే ముందు లోపలికెళ్ళి, పొయ్యి ఎదురుగా, రిపెకా మొహం బాగా కనిపించే చోటు చూసుకుని నిలబడింది.

"పొయ్యా!" రిపెకా గుమ్మంలో ఆగింది. "కరెంటు మిషనన్నావుగా ఫోన్లో?"

"అనుకున్నాం. ఈ చలికి ఇదే మేలని వదిన చెప్పింది," అన్నాడు కెల్విన్.

"అక్క చెప్పిందా," అంది రిపెకా. లోర్నా వంక చూసింది. ఆ చూపు కాస్త ఎక్కువసేపే నిలిచింది. "అలాగా."

మొహం వాడుతుందని లోర్నా కాచుక్కూచుంది. వాడలేదు. రిపెకా మోకాళ్ళ మీద కూర్చుని గాజు తలుపు తెరిచింది. పొగ బయటికి రాకుండా తలుపు అంచున బిగించిన తాడుని వేలితో తడిమింది. లోపలి ఇటుకల్ని కణుపులతో తట్టింది. "గాలి తగ్గించే మీట ఏదీ? ఇదా? ఎండు కట్టెలు ఎక్కడ పెడతావు కెల్విన్? ఈ గోడ కాదు, ఆ గోడ. ఇటు వాన కొడుతుంది," అని, వచ్చి గంట కాలేదు, మొగుడికి పని పురమాయించేసింది. కెల్విన్ చెవులు ఎర్రబడ్డాయి. గ్రాంట్ పకపకా నవ్వాడు.

బాధపడాల్సిన మనిషి బాధపడకపోతే చూసేవాళ్ళకి ఎంత బాధో! లోర్నా ఊరికే నిలబడలేక నేల తుడిచే గుడ్డ తీసుకుంది. పలకలు కోసిన పొట్టు నేలంతా ఉంది. గబగబా తుడిచింది. గుడ్డని కొత్త తొట్లో పడేసి కుళాయి తిప్పింది. చన్నీళ్ళ కుళాయి పని చేస్తోంది.

"అక్కా! అందులో కాదు!"

ఆ కేకకి అందరూ ఇటు తిరిగారు. రిపెకా గొంతు వెంటనే తగ్గించింది. "అది తినే గిన్నెల తొట్టి అక్కా. నేలగుడ్డ పక్కదాన్లో."

రక్తం లోర్నా చెంపల్లోకి ఎగదన్నింది. "నాకున్నది ఒక్కటే తొట్టి. నేలగుడ్డలూ అందులోనే, పళ్ళేలూ అందులోనే. ఇన్నాళ్ళూ మా ఇంట్లో ఎవరూ చావలేదు."

"చావడం గురించి కాదు..."

"నా చెయ్యి అంత మైలదా?"

"అబ్బ, పోనీలే లోర్నా," అన్నాడు గ్రాంట్. "ఆ పిల్ల పద్ధతి ఆ పిల్లది. నేను కడిగేస్తాగా." అని చొక్కా చేతులు మడిచి, పొడి చల్లి, పీచుతో తోమడం మొదలెట్టాడు. అంచులూ, మూలలూ, నీళ్ళు పోయే చిల్లీ. తాగిన టీ కప్పుని బల్ల మీంచి తొట్టిదాకా మోసుకెళ్ళడం ఎరగని మనిషి!

లోర్నా గుడ్డని అక్కడే వదిలేసి ఇంటికి నడిచింది. మంచు పట్టిన గడ్డి బూట్ల కింద కరకరలాడింది. ఏడుపు రాలేదు. కాలు జారి నూతిలో పడ్డా బాగుండు ఆ పిల్ల, అనుకుంది. అనుకున్నందుకు సిగ్గూ పడలేదు. ఆ సాయంత్రం కాగిన నీళ్ళలో రిపెకాకీ వంతు వచ్చింది. చుట్టం కదా, మేవిస్ తర్వాత ఆమెనే పంపారు. గిన్నెలయ్యాక లోర్నా కుళాయి తిప్పితే వచ్చినవి అచ్చం చన్నీళ్ళే.

పొద్దున్న అందరూ బసకి పోయారు. ఇవాళ డెస్ కప్పుకి చిల్లి పెట్టి పొగగొట్టం బిగిస్తాడు. ఇంట్లో అత్తాకోడళ్ళే మిగిలారు. మధ్యాహ్నానికి గొర్రెమాంసం పులుసు. లోర్నా క్యారెట్లు చెక్కుతోంది, మేవిస్ బార్లీ గింజలు ఏరుతోంది. పొయ్యి మీద కెటిల్ గొణుగుతోంది.

"నువ్వు భలేదానివే లోర్నా," అంది మేవిస్ ఉన్నట్టుండి.

"నేనేం చేశాను?"

"పొయ్యి సంగతి." ముసలావిడ భుజాలు నవ్వుతో కదిలాయి. "ఆ రోజు నువ్వు మాట్లాడుతుంటే నా మాటలు నేను విన్నట్టే ఉంది. నువ్వీ ఇంటికొచ్చేటప్పుడు మీ మావగారికీ ఇదే గోల. కొత్తపిల్ల, పట్నంలో పెరిగింది, బొగ్గుపొయ్యి ఏం రాజేస్తుంది, కరెంటు ట్యాంకు పెట్టిద్దాం అని. డెస్ వాళ్ళ నాన్నని పిలిచి కొలతలు కూడా తీయించాడు."

లోర్నా చేతిలో క్యారెట్ ఆగింది. "మరి?"

"నేనే వద్దన్నా. కరెంటు పోతే ఎట్లా, మంచు పడితే ఎట్లా అని గట్టిగా చెప్పా. అన్నీ నిజాలే అనుకో. ఎవరేం అంటారు? అలవాటవుతుందిలే అన్నా. అయింది కదా మరి!" మేవిస్ ఒక మట్టిబెడ్డ ఏరి పక్కన పెట్టింది. "కొత్తగా వచ్చినవాళ్ళకి మొదట్నించీ అన్నీ చేతికందిస్తే ఇంటి విలువ ఎలా తెలుస్తుంది? గ్రాంట్‌కి ఇవన్నీ తెలీవు. మగాళ్ళకేం తెలుస్తాయి. ఏమో అనుకున్నా గానీ, నువ్వు అచ్చంగా నా కోడలివి."

మెచ్చుకుంది. మనస్ఫూర్తిగానే మెచ్చుకుంది. మొహంలో ఎక్కడా విషం లేదు, మురిపెం ఉంది.

లోర్నా తన చేతుల వంక చూసుకుంది. కణుపుల బీటల్లో క్యారెట్ రసం చురచురలాడుతోంది. తన తెల్లవారుజాములన్నీ, మోసిన బొగ్గంతా, వణుక్కుంటూ పోసుకున్న నీళ్ళన్నీ, ఇదన్నమాట. ఎవరి పొరపాటూ కాదు. ఒకావిడ ఓర్వలేక అన్న ఒక్క మాట. ముసలిదాన్ని ఆ కుర్చీలోంచి లేపి కుదిపెయ్యాలనిపించింది. చేతులు లేవలేదు. ఏ మొహంతో లేస్తాయి? మొన్నటికి మొన్న అదే మాట తనూ అంది కదా, తుడుచుకుని మరీ, ఒక్కో వేలూ తుడుచుకుని.

"ఎక్కడికే? కోటైనా వేసుకోకుండా!" అంది మేవిస్.

బస కప్పు మీద డెస్ ఉన్నాడు. రేకు మీద గుండ్రంగా సుద్దగీత గీసి, కోసే మిషను చేతిలోకి తీసుకున్నాడు. కింద నిచ్చెన పట్టుకుని గ్రాంట్, పక్కన కట్టెలు పేరుస్తూ కెల్విన్, రిపెకా.

"ఆపు డెస్! కొయ్యకు!"

"ఏమైంది? అమ్మకేమైనా..." గ్రాంట్ గాభరాపడ్డాడు.

"మీ అమ్మ రాయిలా ఉంది. ఈ పొయ్యి వద్దు. తీసుకుపోయి కరెంటుది తెప్పించండి."

"పిచ్చెక్కిందా నీకు? ఇదే పెట్టమని చెప్పిందెవరు?"

"నేనే చెప్పాను. ఈ పిల్ల కష్టపడాలని చెప్పాను, చాలా?" లోర్నా ఒగరుస్తోంది. "మంచూ తీగెలూ అంతా పైమాట. తెల్లారే లేవాలి, బూడిదెత్తాలి, చేతులు నా చేతుల్లా పగలాలి. కుళాయి తిప్పగానే వేడినీళ్ళొస్తే నేను ఓర్చుకోలేను. అందుకని చెప్పాను."

కెల్విన్ చేతిలో కట్టె చేతిలోనే ఉంది. దొడ్లో గొర్రె ఒకటి దగ్గింది.

రిపెకా చేతులు దులుపుకుని లేచి వచ్చింది. నవ్వట్లేదు. "నాకు తెలుసక్కా. నిన్న గుమ్మంలో అడుగుపెట్టగానే తెలిసింది. నా మొహంలోకి చూడ్డానికి చోటు వెతుక్కుని నిలబడ్డావు. కోపం రాలేదనుకోకు. వ్యాను తిప్పుకుని పోదామన్నంత వచ్చింది. ఈయన్నడుగు."

కెల్విన్ నేల చూశాడు.

"అయినా పొయ్యి ఉండనీ. పొయ్యంటే నాకిష్టం. నువ్వు పెట్టించినందుక్కాదు, నాకిష్టం కాబట్టి ఉంటుంది. మా అమ్మమ్మ ఇంట్లో రాజేసిన చేతికే మొదటి రొట్టె, రాజేసిన మనిషికే మొదటి నీళ్ళు. తాతైనా సరే తర్వాతే. మరి నీ ఇంట్లో పొయ్యి రాజేసేదెవరు?"

"నేనే."

"మొదటి నీళ్ళెవరివి?"

"అత్తయ్యవి," అంది లోర్నా.

"తర్వాత?"

గ్రాంట్ నిచ్చెన మెట్టు మీద వేలితో రాస్తూ, "నావి," అన్నాడు.

"తర్వాత?"

"నావి," అని గొణిగాడు కెల్విన్.

"నిన్న మధ్యలో నేనొకత్తెని. తర్వాత?"

"గిన్నెలు."

"గిన్నెల తర్వాతా అక్కా నువ్వు!" రిపెకా రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "గిన్నెల తర్వాతా! ఇంక నామీద ఏడవకేం చేస్తావు? ఇదిగో చూడు, ఇరవై ఏళ్ళు నీ ఏడుపు గోడవతల నించి వింటూ నేను కాపురం చెయ్యలేను. నీకేం కావాలో నీ మొగుడికి చెప్పు. ఇప్పుడే చెప్పు. నేనిక్కడే ఉన్నా."

"నేను దిగనా, ఉండనా?" అని పైనించి అడిగాడు డెస్.

గ్రాంట్ టోపీ తీసి లోపలికి చూశాడు, అందులో ఏదో రాసి ఉన్నట్టు. "నీళ్ళు చల్లగా వస్తున్నాయని నువ్వెప్పుడూ చెప్పలేదు లోర్నా."

"రోజూ చెప్పాను."

"ఎప్పుడు..." అని ఆగిపోయాడు. గుర్తొచ్చినట్టుంది. మెడ దగ్గర ఎర్రగా పాకింది. "సరే. చెప్పు. కరెంటు ట్యాంకా, గ్యాసా? డెస్ ఇక్కడే ఉన్నాడు. ఏది కావాలంటే అది."

లోర్నా నోరు తెరిచింది. ఏం చెప్పాలి? కొలతలు, పైపులు, గోడలు పగలగొట్టడాలు. మొదట గొర్రెల ఈతలంటారు, తర్వాత ఉన్నికోతంటారు. తలుపు బందుకి పట్టినన్నాళ్ళూ పడుతుంది. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. రిపెకా తన స్వెట్టరు విప్పి ఆమె భుజాల మీద వేసింది. లోర్నా వద్దనలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు.

"మిషను సంగతి తర్వాత చూద్దాం," అంది. "ఇవాళ మొదటి నీళ్ళు నావి."

మధ్యాహ్నం పులుసు తినేటప్పుడు అందరి కళ్ళూ పళ్ళేల మీదే. మేవిస్‌కి ఏం జరిగిందో తెలీదు, బార్లీ సరిగ్గా ఉడకలేదని రెండుసార్లు అంది. బస కప్పుకి చిల్లి పడింది, పొగగొట్టం లేచింది. వెలుగుండగానే రిపెకా మొదటి అగ్గిపుల్లకే పొయ్యి రాజేసిందని కెల్విన్ వచ్చి చెప్పాడు. మొదటి అగ్గిపుల్లకే! లోర్నా లోపల ఆ పాత ముల్లు మళ్ళీ కలుక్కుమంది. కలుక్కుమంటే అననీ, అనుకుంది. బొగ్గుపొయ్యిలో ఇంకో పారెడు వేసి, మూత మూసి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానాల గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

కుళాయి తిప్పింది. మొదట దగ్గింది, తుప్పురంగు చుక్కలు రాల్చింది. తర్వాత ఆవిరి లేచింది. వేలు పెట్టి చటుక్కున తీసేసింది. చుర్రుమంది. ఈ ఇంటి నీళ్ళు కాలతాయని ఆమెకి ఇవాళే తెలిసింది. చన్నీళ్ళు కలిపి, తొట్లోకి దిగి కూర్చుంది. ఎప్పుడూ చీలమండలు దాటని నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాయి. నడుందాకా వచ్చాయి. బీటలు మండాయి, తర్వాత మండడం మానేశాయి.

తలుపవతల చెప్పుల చప్పుడు. తలుపు పిడి కదిలింది.

"లోపలెవరు?"

"నేనే అత్తయ్యా."

"నువ్వా? ఇది నా వంతు కదే!"

"ఇవాళ నాది."

గ్రాంట్ గొంతు ఏదో సర్దిచెప్తోంది. "గ్రాంట్, నువ్వు నోర్ముయ్," అంది మేవిస్. తర్వాత గొంతు తలుపుకి దగ్గరగా వచ్చింది. ఈసారి అందులో కోపం కంటే కంగారు ఎక్కువుంది. "తొందరగా కానియ్యి మరి. అన్నీ వాడేస్తే నాకేం మిగుల్తాయి?"

అలవాటు చొప్పున లోర్నా చెయ్యి కుళాయి మీదికి వెళ్ళింది. సగం ట్యాంకు ఉంటుంది ఇంకా. కట్టేస్తే ముసలావిడకి చాలు. మంచిదనిపించుకోవచ్చు కూడా. చెయ్యి అక్కడే కాసేపు ఉంది.

తర్వాత ఆ చేతిని మళ్ళీ నీళ్ళలోకి తెచ్చుకుంది. నీళ్ళు భుజాలదాకా వచ్చాయి. వేడినీళ్ళ కుళాయిలోంచి చన్నీళ్ళు పడేదాకా లోర్నా దాన్ని కట్టలేదు.